డీఅడిక్షన్ సెంటర్ల వివరాలు జిల్లాలవారీగా ప్రజల ముందుంచాలి

సంపాదకులు గారికి నమస్కారాలు.

ఇంట్లో ఒక మనిషి తాగుడుకో, గంజాయికో, మత్తు మాత్రలకో బానిసయ్యాడని ఖాయంగా తెలిసిన తరువాత ఆ కుటుంబం అడిగే మొదటి ప్రశ్న ‘ఎక్కడ చేర్పించాలి?’ అన్నదే. కంటి ఆపరేషన్‌కైనా, మోకాలి చిప్ప మార్పిడికైనా ఆసుపత్రి వెతుక్కునేవారు బంధువులను అడుగుతారు, ఊళ్లో ఇదివరకు చేయించుకున్నవారిని అడుగుతారు, రెండు మూడు చోట్ల కనుక్కుని ఖర్చు బేరీజు వేసుకుంటారు. ఈ జబ్బు విషయంలో అడగడానికే నోరు రాదు. నలుగురికీ తెలిస్తే ఇంట్లో ఆడపిల్ల పెళ్లి ఆగిపోతుందేమో, ఉన్న ఉద్యోగం ఊడిపోతుందేమో అన్న భయంతో గుట్టుగా వెతుకుతారు. అలా వెతికేవారికి గోడల మీది రాతలూ, బస్టాండులో అంటించిన కాగితాలూ, సెల్‌ఫోన్‌లో అన్నిటికంటే ముందు వచ్చే ప్రకటనలూ తప్ప మరొకటి కనిపించదు. ఏ కేంద్రానికి నమోదు ఉంది, ఎక్కడ డాక్టరు రోజూ ఉంటారు, ఎక్కడ ఎంత తీసుకుంటారు అనే సంగతులను పక్కపక్కన పెట్టి చూసుకోవడం మామూలు కుటుంబానికి ఇవాళ సాధ్యపడటం లేదు. ఆ వీలు కల్పించాలని అధికారులను కోరుతూ, అది జరిగేలోగా కుటుంబాలు ఏం అడిగి తెలుసుకోవాలో నాకు తెలిసినంతలో చెబుతూ ఈ ఉత్తరం రాస్తున్నాను.

నేను ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి. మా చెల్లెలి కొడుకు తాగుడు బాగా ముదిరిపోవడంతో నిరుడు మా చెల్లెలు నన్ను పిలిపించి, ‘అన్నయ్యా, నువ్వు నలుగురినీ ఎరిగినవాడివి, ఏదైనా మంచి చోటు చూడు’ అన్నది. ఆ పని మీద నేను చేసిన ఫోన్లన్నీ దాదాపు ఒకే తీరుగా నడిచాయి. అబ్బాయి వయసెంత, ఎన్నేళ్లుగా తాగుతున్నాడు, పొద్దున లేవగానే చేతులు వణుకుతాయా, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా అని అవతలివారు అడగలేదు. ‘మనిషి ఇప్పుడు ఇంట్లోనే ఉన్నాడా, బండి ఎన్నింటికి పంపమంటారు సార్?’ అని మాత్రం అడిగారు. రాత్రి పూట నలుగురు మనుషులు వచ్చి తీసుకుపోతారనీ, మూడు నెలల పాటు అంతా తామే చూసుకుంటామనీ, మొదటి నెల ఇంటివాళ్లు రాకపోవడమే మంచిదనీ, వందకు వంద శాతం గ్యారంటీ అనీ చెప్పారు. డాక్టరు గారి పేరు చెప్పమంటే ‘పెద్ద డాక్టరే సార్, వారానికోసారి వస్తారు’ అన్నారే గాని పేరు మాత్రం బయటికి రాలేదు. నమోదు నంబరు అడిగితే ఒకచోట ట్రస్టు రిజిస్ట్రేషన్ నంబరు చదివి వినిపించారు. ట్రస్టుగానో సొసైటీగానో రిజిస్టరు చేయించుకోవడం వేరు, రోగులను చేర్చుకుని ఉంచే మానసిక ఆరోగ్య సంస్థగా నమోదు కావడం వేరు. ఆ తేడా కంగారులో ఉన్న తల్లికో భార్యకో ఎలా తెలుస్తుంది?

ఒక కేంద్రానికి నేనే స్వయంగా వెళ్లి చూశాను. ఊరి చివర అద్దె మేడ, మెట్ల దగ్గర ఇనుప కటకటాల తలుపు, దానికి బయటి నుంచి తాళం. లోపల హాల్లో పరుపులు నేల మీద వరసగా పరచి ఉన్నాయి. నాకు కనిపించిన కుర్రవాళ్లందరికీ గుండు గీసి ఉంది. ఇద్దరు వంటగదిలో కూర్చుని వంకాయలు తరుగుతున్నారు. పనివాళ్లేమో అనుకున్నాను గాని, వాళ్లూ చికిత్స కోసం డబ్బు కట్టి చేరినవాళ్లేనని మాటల్లో తెలిసింది. ఆఫీసు గది గోడ నిండా దేవుడి పటాలు, సన్మానాల ఫొటోలు ఉన్నాయి గాని, వచ్చిన వారందరికీ కనిపించేలా పెట్టాల్సిన నమోదు పత్రం లేదు. మందుల బీరువా తాళంచెవి మేనేజరు జేబులో ఉంది. రాత్రి ఎవరికైనా ఫిట్స్ వస్తే ఏం చేస్తారని అడిగితే ‘మావాళ్లు చూసుకుంటారు’ అన్నారు. ఆ మావాళ్లు ఎవరంటే, ఇదివరకు అక్కడే చేరి, తాగుడు మాని, అక్కడే జీతానికి కుదిరినవారు. మానినవారి తోడు రోగికి ఎంతో ధైర్యాన్నిస్తుంది, అందులో నాకు సందేహం లేదు. అయితే అర్ధరాత్రి నాడి పట్టి చూసి, బీపీ కొలిచి, ఏ మందు ఎంత ఇవ్వాలో తేల్చడం వారి పని కాదు.

దీన్ని ఎందుకింత నొక్కి చెబుతున్నానంటే, ఈ చికిత్సలో ప్రాణాపాయం ఉన్నది మొదటి వారంలోనే. ఏళ్ల తరబడి రోజూ ఎక్కువగా తాగే మనిషి ఒక్కసారిగా ఆపేస్తే 6 నుంచి 24 గంటల్లోపే వణుకు, చెమటలు, గుండెదడ, కంటికి కునుకు లేకపోవడం మొదలవుతాయి. మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు కొందరికి మతి తప్పి, లేనివి కనిపిస్తూ, ఎవరెవరితోనో మాట్లాడుతూ, ఒళ్లు కాలిపోతూ సంధి కమ్మినట్టు అవుతుంది. డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అనే ఈ స్థితిలో సకాలంలో వైద్యం అందకపోతే మనిషి దక్కకపోవచ్చు. క్లోర్‌డయజెపాక్సైడ్, డయజెపాం, లివరు దెబ్బతిన్నవారికి లోరాజెపాం వంటి మందులను మనిషిని చూసి మోతాదు కట్టి ఇస్తూ, రోజురోజుకూ తగ్గించుకుంటూ రావాలి. బి1 విటమిన్ అయిన థయమిన్ ఇవ్వాలి. అది లోపించిన మనిషికి ముందుగా థయమిన్ ఇవ్వకుండా గ్లూకోజు సెలైన్ ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇది మద్యానికే పరిమితం కాదు. తెలంగాణలో డయజెపాం, అల్ప్రాజోలం, క్లోరల్ హైడ్రేట్ కలిపిన కల్తీ కల్లుకు అలవాటు పడినవారు అది దొరకని రోజున ఫిట్స్‌తో, వింత ప్రవర్తనతో హైదరాబాదు ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి తరలిరావడం, 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టినప్పుడు అక్కడి ఓపీ కిటకిటలాడటం అందరం చూశాం. తాళం వేసి కూర్చోబెడితే నాలుగు రోజుల్లో అదే తగ్గిపోతుందన్న మాట ఏ కేంద్రం నోటి నుంచి వచ్చినా, అక్కడ మనవాళ్లను వదలకూడదు. చేర్పించే ముందు కుటుంబం అడగాల్సిన మొదటి ప్రశ్న ఇది: మానసిక వైద్యనిపుణులు ఎవరు, ఏయే రోజులు ఎన్ని గంటలు ఉంటారు, రాత్రి నర్సు ఉంటారా, పరిస్థితి విషమిస్తే ఐసీయూ ఉన్న ఏ ఆసుపత్రికి తీసుకువెళతారు?

అసలు అందరినీ చేర్పించాల్సిన పని లేదన్న సంగతి కూడా చాలామందికి తెలియదు. ఫిట్స్ చరిత్ర లేనివారు, ఇంట్లో కనిపెట్టి చూసుకునే మనిషి ఉన్నవారు, ఇతర జబ్బులు తీవ్రంగా లేనివారు డాక్టరు పరీక్షించి సరేనంటే ఓపీలోనే చూపించుకుంటూ మందులు వాడి మానవచ్చు. గంజాయి అలవాటుకు చికిత్స ఎక్కువ భాగం కౌన్సెలింగ్ మీదే నడుస్తుంది. హెరాయిన్ వంటి నల్లమందు జాతి మత్తుకు బుప్రెనార్ఫిన్, మెథడోన్ వంటి మందులు నెలల తరబడి వైద్యుల పర్యవేక్షణలో ఇస్తారు. అన్నిటికీ కలిపి ‘మూడు నెలల ప్యాకేజీ’ ఒక్కటే చెప్పే చోట రోగిని పరీక్షించి నిర్ణయం తీసుకునే పద్ధతి లేదనే అనుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లోని జాతీయ మాదకద్రవ్య వ్యసన చికిత్సా కేంద్రం చేసిన సర్వే 2019లో వెలువడింది. దాని ప్రకారం దేశంలో మద్యానికి పూర్తిగా బానిసలైన వారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక రకమైన చికిత్స పొందారు. చేరి చికిత్స పొందినవారు 180 మందికి ఒక్కరే. మిగిలినవారిలో ఎందరో ఓపీ చీటీతో బాగుపడే అవకాశం ఉన్నవాళ్లు. లక్ష రూపాయలు లేవని ఆగిపోయిన కుటుంబానికి, ప్రభుత్వ ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఉందని చెప్పినవారు లేకపోవడమే ఇందులో నన్ను బాధించే విషయం.

ఇక చట్టం సంగతి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మాదకద్రవ్యాల వాడకంతో ముడిపడిన మానసిక స్థితులను కూడా మానసిక రుగ్మతలోనే చేర్చింది. కాబట్టి అలాంటివారిని చేర్చుకుని ఉంచే ఏ కేంద్రమైనా, పేరు ఆశ్రమం అని పెట్టుకున్నా, పునరావాస కేంద్రం అని పెట్టుకున్నా, యోగా కేంద్రం అని పెట్టుకున్నా, ఆ చట్టం కింద నమోదు కావాల్సిందే. నమోదు పత్రాన్ని వచ్చిన వారందరికీ కనిపించేచోట పెట్టాలి. తాత్కాలిక నమోదు 12 నెలలకే చెల్లుతుంది గనుక పత్రం మీద తేదీ కూడా చూసుకోవాలి. నమోదు లేకుండా నడిపితే మొదటిసారి 5,000 నుంచి 50,000 రూపాయల దాకా, రెండోసారి 2 లక్షల దాకా, ఆ తరువాత ప్రతిసారీ 5 లక్షల దాకా జరిమానా వేయవచ్చు. నెలకు ఒక్కో రోగి దగ్గర వేలకు వేలు తీసుకునే చోట మొదటి జరిమానా ఏపాటి భయం కలిగిస్తుందో చెప్పలేను గాని, ఆ కాస్త నిబంధనైనా అమలైతే చాలా మేలు.

రాత్రి పూట బండిలో వచ్చి ఎత్తుకుపోవడం గురించి ప్రత్యేకంగా రాయాలి. మనిషి తనంతట తాను ఒప్పుకుని చేరితే, వెళ్లిపోతానన్నప్పుడు వెళ్లే హక్కు అతనికి ఉంది. పరీక్ష అవసరమని వైద్యులు భావిస్తే ఆపగలిగేది 24 గంటలే. ఒప్పుకోని మనిషిని చేర్చుకోవాలంటే, అతని తరఫున నామినేటెడ్ ప్రతినిధి, అంటే అతని బదులు నిర్ణయాల్లో తోడుండేందుకు చట్టం గుర్తించిన మనిషి, దరఖాస్తు చేయాలి. ఒక మానసిక వైద్యుడు, మరొక మానసిక ఆరోగ్య నిపుణుడు లేదా వైద్యుడు, ఇద్దరూ విడివిడిగా ఆ రోజున గాని, అంతకు ముందు వారంలో గాని పరీక్షించి, ఇతను తనకు తాను హాని చేసుకునే ప్రమాదం ఉందనో, ఇతరుల మీదికి పోతున్నాడనో, తన ఆలనాపాలనా చూసుకోలేక ప్రమాదంలో పడుతున్నాడనో తేల్చాలి. అప్పుడు కూడా మొదట ఉంచుకోగలిగింది 30 రోజులే. చేర్చుకున్న సంగతిని పురుషుల విషయంలో 7 రోజుల్లో, స్త్రీలు, మైనర్ల విషయంలో 3 రోజుల్లో రోగుల హక్కులను కాపాడే మానసిక ఆరోగ్య సమీక్షా మండలికి తెలపాలి. 30 రోజులు దాటి ఉంచాలంటే ఇద్దరు మానసిక వైద్యుల పరీక్ష, ఆ మండలి అనుమతి ఉండి తీరాలి. ఇవేవీ లేకుండా నలుగురు మనుషులు వచ్చి చేతులు కట్టేసి తీసుకుపోవడాన్ని చికిత్స అని ఎలా అంటాం? విసిగి వేసారిన భార్య, తల్లి దానికి ఎందుకు ఒప్పుకుంటారో నాకు అర్థమవుతుంది. తన్నులు తిన్నవాళ్లు, పుస్తెలు అమ్ముకున్నవాళ్లు వాళ్లు. వారిని తప్పు పట్టే ఉద్దేశం నాకు లేదు. వాళ్ల నిస్సహాయతను ఆసరా చేసుకుని వ్యాపారం చేసేవారి గురించే నా బాధంతా.

లోపల ఉన్నంతకాలం రోగికి కొన్ని హక్కులు ఉంటాయని కూడా అదే చట్టం చెబుతున్నది. బలవంతంగా గుండు గీయకూడదు. తన బట్టలు తాను వేసుకోవచ్చు. పని చేయమని బలవంతపెట్టకూడదు. ఇష్టపడి చేస్తే తగిన ప్రతిఫలం ఇవ్వాలి. ఏ విధంగానూ గొలుసులతో కట్టకూడదు, ఒంటరి గదిలో బంధించకూడదు. తక్షణ హానిని ఆపడానికి మరో దారి లేనప్పుడు మాత్రమే, మానసిక వైద్యుడి అనుమతితో, నమోదు చేసి, అవసరమైనంతసేపు మాత్రమే మనిషిని కదలకుండా పట్టి ఉంచవచ్చు. శిక్షగా ఆ పని చేయకూడదు. ఇంటివాళ్లను కలవడానికి, ఫోనులో మాట్లాడటానికి అవకాశం ఉండాలి. మొదటి నెల రావద్దు, ఫోను చేయవద్దు అని చెప్పే చోట అనుమానించాలి. పట్టుబట్టి వెళ్లి, మనవాణ్ణి పక్కకు పిలిచి ఒంటరిగా మాట్లాడాలి. చేర్పించే ముందే పడకల గది, మరుగుదొడ్లు, వంటగది చూపించమని అడగాలి. చూపించడానికి సాకులు చెబితే అక్కడి నుంచి లేచి వచ్చేయడమే.

ఖర్చు విషయంలో కేంద్రానికీ కేంద్రానికీ పోలిక ఉండదు. ఒకరు చెప్పే నెల రుసుములో భోజనం, మందులు, రక్తపరీక్షలు అన్నీ ఉంటాయి. మరొకరు చెప్పే తక్కువ రుసుముకు మందులు వేరు, డాక్టరు ఫీజు వేరు, బండి ఖర్చు వేరు. మూడు నెలల డబ్బు ముందే కట్టించుకుని, పది రోజులకే మనిషి బయటికి వచ్చినా తిరిగి ఇవ్వనివారు ఉన్నారు. అందుకని దేనికెంతో కాగితం మీద రాసి ఇమ్మని, మధ్యలో వచ్చేస్తే ఎంత వాపసు ఇస్తారో అందులోనే రాయమని అడగాలి. ఆరోగ్య బీమా ఉన్నది కదా అని ధీమాగా ఉండేవారికి ఒక్క మాట: మానసిక రుగ్మతలకు శారీరక జబ్బులతో సమానంగా బీమా ఉండాలని 2017 చట్టం చెప్పినా, బీమా నియంత్రణ సంస్థ 2019లో ఖరారు చేసిన ప్రామాణిక మినహాయింపుల్లో మద్యం, మాదకద్రవ్యాల వ్యసనానికి చేసే చికిత్స కూడా ఉంది. పాలసీ కాగితాల్లో ‘ఎక్స్‌క్లూజన్ 12’ అన్న సంకేతం దగ్గర ఏం రాసి ఉందో చదువుకుని గాని, క్యాష్‌లెస్ అని చెప్పిన మాట నమ్మకూడదు.

ప్రకటనల్లో కనిపించే 95 శాతం, వంద శాతం విజయాల గురించి కూడా చెప్పాలి. ఎంతమందిని లెక్కలోకి తీసుకున్నారు, డిశ్చార్జి అయిన ఎన్ని నెలల తరువాత కనుక్కున్నారు, మధ్యలో వెళ్లిపోయినవారిని లెక్కపెట్టారా అని అడిగితే జవాబు ఉండదు. కటకటాల వెనక ఉన్నంతకాలం అందరూ మానేసినవారే. ఈ జబ్బు షుగరు లాంటిది. అదుపులో ఉంటుంది, ఒక్కోసారి తప్పుతుంది, మళ్లీ అదుపులోకి తెచ్చుకోవాలి. కాబట్టి బయటికి వచ్చిన తరువాత ఏడాది పాటు ఎవరు చూస్తారన్నదాన్ని బట్టే ఒక కేంద్రాన్ని మరో కేంద్రంతో పోల్చాలని నా అభిప్రాయం. తిరిగి తాగాలన్న కోరికను తగ్గించే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ వంటి మందులు ఉన్నాయి. డాక్టరు వాటి గురించి మాట్లాడారా? కుటుంబానికి కౌన్సెలింగ్ ఉందా? జారిపడితే మళ్లీ రమ్మంటారా, తిట్టి పంపిస్తారా? మరుసటి నెల ఎప్పుడు రావాలో చీటీ మీద రాసి ఇస్తారా? మా మేనల్లుణ్ణి చివరకు ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగంలో చూపించాం. మొదటి రోజులు వార్డులో గడిచాయి. తరువాత ఓపీలోనే మందులు, కౌన్సెలింగ్. మధ్యలో ఒకసారి మళ్లీ తాగాడు. డాక్టరమ్మ గారు కోప్పడలేదు. ఏ రోజున, ఎవరితో, ఏ గొడవ తరువాత తాగాడో నింపాదిగా అడిగి రాసుకుని మందు మార్చారు. చికిత్స ఎలా ఉండాలో నాకు తెలిసింది ఆ పావుగంటలోనే.

ఇదే సందర్భంలో, ‘రోగికి తెలియకుండా అన్నంలో కలిపి పెట్టండి, తాగుడు మానేస్తారు’ అంటూ అమ్మే పొడుల గురించి హెచ్చరించకుండా ఉండలేను. డైసల్ఫిరాం అనే మందు వేసుకున్న మనిషి మద్యం తాగితే ముఖం ఎర్రబడి, వాంతులై, గుండె కొట్టుకోవడం పెరిగి, బీపీ పడిపోతుంది. కొందరికి ప్రాణం మీదికి రావచ్చు. అందుకే డాక్టర్లు దాన్ని రోగికి అన్నీ చెప్పి, అతను ఒప్పుకున్న తరువాతే, గుండె, లివరు పరీక్షలు చూసుకుని ఇస్తారు. పొట్లం మీద పేరు కూడా లేని పొడిలో ఏముందో అమ్మేవాడికైనా తెలుసో లేదో. దాన్ని కూరలో కలిపే ఇల్లాలికి, జరగరానిది జరిగితే జీవితాంతం మిగిలే క్షోభ ఎవరు తీరుస్తారు?

డబ్బు లేనివారికి దారులు లేకపోలేదు, వాటి ఆచూకీ చెప్పేవారే కరువయ్యారు. బోధనాసుపత్రులన్నిటిలో మానసిక వైద్య విభాగాలు ఉన్నాయి. విశాఖపట్నంలో ప్రభుత్వ మానసిక ఆసుపత్రి, హైదరాబాదులో ఎర్రగడ్డ ఆసుపత్రి ఉన్నాయి. మంగళగిరి, బీబీనగర్ ఎయిమ్స్‌లలో మానసిక వైద్యం అందుతున్నది. కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఆర్థిక సాయంతో స్వచ్ఛంద సంస్థలు నడిపే సమగ్ర పునరావాస కేంద్రాలను ఐఆర్‌సీఏలు అంటారు; ప్రభుత్వ ఆసుపత్రుల్లోనే ఏర్పాటు చేసిన వ్యసన చికిత్సా విభాగాలను ఏటీఎఫ్‌లు అంటారు. 2020 ఆగస్టు 15న మొదలైన కేంద్ర ప్రభుత్వ వ్యసన విముక్తి ఉద్యమం నషా ముక్త్ భారత్ అభియాన్ వెబ్‌సైటులో ఇలాంటి కేంద్రాలను మ్యాపు మీద గుర్తించి పెట్టారు. వ్యసన విముక్తి కోసం 14446, మానసిక ఆరోగ్యం కోసం 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ 14416 నంబర్లకు డబ్బు ఖర్చు కాకుండా ఫోను చేయవచ్చు. టెలీ మానస్‌లో తెలుగులో మాట్లాడతారు. దారిద్ర్యరేఖకు దిగువన ఉన్నవారికి కార్డు ఉన్నా లేకపోయినా ప్రభుత్వ కేంద్రాల్లోనూ, ప్రభుత్వ నిధులతో నడిచేవాటిలోనూ ఉచితంగా చికిత్స అందాలని చట్టమే చెబుతున్నది. పొరుగు రాష్ట్రాలకు వెళ్లగలిగినవారికి బెంగళూరులోని జాతీయ మానసిక వైద్య సంస్థ నిమ్‌హాన్స్, చెన్నైలో వ్యసనాల చికిత్స కోసం 1980 నుంచి పనిచేస్తున్న టి.టి. రంగనాథన్ సంస్థ ఉన్నాయి. అయితే దూరంలో ఎంత గొప్ప చోటున్నా నెలనెలా వెళ్లలేకపోతే ప్రయోజనం తక్కువ. బస్సులో వెళ్లి సాయంత్రానికి తిరిగి రాగలిగిన చోటునే ఎంచుకోమని నన్ను అడిగినవారికి చెబుతుంటాను. మందులతో పాటు, తాగుడు మానినవారూ మానదలచినవారూ ఒకరికొకరు తోడుగా నిలిచే ఆల్కహాలిక్స్ అనానిమస్ సమావేశాలకు వెళ్లడం చాలామందికి ఆసరాగా ఉంటుంది. అక్కడ రుసుము లేదు, పేరు చెప్పాల్సిన పనీ లేదు.

ఆడవాళ్ల సంగతి మరీ అన్యాయంగా ఉంది. నిద్రమాత్రలకో, నొప్పి మాత్రలకో, కల్లుకో అలవాటు పడిన స్త్రీలు మన చుట్టూ ఉన్నారు. వారిని చేర్చుకునే ప్రత్యేక వసతి, ఆడ నర్సు, ఆడ కౌన్సెలర్ ఎక్కడున్నారో చెప్పమంటే చెప్పగలిగినవారు నాకు తారసపడలేదు. పదహారు, పదిహేడేళ్ల పిల్లలను పెద్దవాళ్లతో కలిపి ఒకే హాల్లో ఉంచుతున్నారు. మైనర్లను పెద్దవారి నుంచి వేరుగా ఉంచాలనీ, చికిత్స జరిగినంతకాలం ఇంటి మనిషి పక్కన ఉండాలనీ చట్టంలో స్పష్టంగా ఉంది. గంజాయి అలవాటైన పిల్లవాణ్ణి ఏళ్లకేళ్లు తాగినవారి మధ్య పడేస్తే వాడు అక్కడ ఏం నేర్చుకుంటాడో, ఒక ఉపాధ్యాయుడిగా నాకు ఊహించడానికే భయంగా ఉంది. మరో భయం కూడా తల్లిదండ్రులను వెనక్కి లాగుతున్నది: ఆసుపత్రికి తీసుకువెళితే పోలీసు కేసు అవుతుందని. స్వల్ప పరిమాణంలో మత్తుపదార్థం దొరికిన కేసులో ఇరుక్కున్న వ్యసనపరుడు కూడా ప్రభుత్వ లేదా ప్రభుత్వ గుర్తింపు ఉన్న కేంద్రంలో స్వచ్ఛందంగా చికిత్సకు ముందుకు వచ్చి దాన్ని పూర్తి చేస్తే, ప్రాసిక్యూషన్ నుంచి రక్షణ కల్పించే నిబంధన మాదకద్రవ్యాల నియంత్రణకు తెచ్చిన 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టంలోనే ఉంది. ఈ మాట పాఠశాలల్లో, కళాశాలల్లో తల్లిదండ్రుల సమావేశాల్లో చెప్పాలి.

ఇప్పుడు నా విజ్ఞప్తి. నమోదైన సంస్థల జాబితాను తయారుచేసి, ఎప్పటికప్పుడు సరిచేసి, ఇంటర్నెట్‌లో సహా ప్రచురించడం రాష్ట్ర మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ విధుల్లో ఒకటిగా చట్టం పేర్కొన్నది. ప్రతి సంస్థనూ మూడేళ్లకోసారి తనిఖీ చేయాలని కూడా చెప్పింది. ఆ జాబితాలో పేరూ చిరునామా ఇచ్చి ఊరుకుంటే కుటుంబాలకు పెద్దగా ఉపయోగం లేదు. ఎన్ని పడకలు, నమోదు తాత్కాలికమా శాశ్వతమా, ఏ తేదీ వరకు చెల్లుతుంది, మానసిక వైద్యుల పేర్లు, వారు ఉండే రోజులు, రాత్రి నర్సు ఉన్నారా, స్త్రీలకూ మైనర్లకూ విడి వసతి ఉందా, నెల రుసుములో ఏమేమి కలిసి ఉన్నాయి, చివరి తనిఖీ ఎప్పుడు జరిగింది, అందులో ఏం తేలింది, ఫిర్యాదులేమైనా రుజువయ్యాయా, ఇవన్నీ ఒకే వరసలో, తెలుగులో, జిల్లాలవారీగా ఉండాలి. జిల్లా వైద్య ఆరోగ్య శాఖాధికారులు దాన్ని అచ్చు వేయించి ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, గ్రామ వార్డు సచివాలయాల్లో, పంచాయతీ కార్యాలయాల్లో గోడకు పెట్టించాలి. ఆశా కార్యకర్త చేతిలో ఆ కాగితం ఉంటే ఇల్లు దాటలేని ఇల్లాలికి కూడా సంగతి చేరుతుంది. నమోదు లేనివాటిని మూయించేటప్పుడు మరో జాగ్రత్త కూడా అవసరం: లోపల ఉన్నవారిని అర్ధాంతరంగా రోడ్డు మీదికి పంపకుండా, ప్రతి ఒక్కరినీ డాక్టరు చేత పరీక్ష చేయించి ప్రభుత్వ ఆసుపత్రికో, నమోదైన కేంద్రానికో అప్పగించాలి.

మీ పత్రికను కూడా ఒక కోరిక కోరుతున్నాను. మీ క్లాసిఫైడ్స్ పేజీలో, జిల్లా అనుబంధాల్లో డీఅడిక్షన్ కేంద్రాల ప్రకటనలు వస్తుంటాయి. మానసిక ఆరోగ్య ప్రాధికార సంస్థ ఇచ్చిన నమోదు నంబరు, బాధ్యుడైన మానసిక వైద్యుడి పేరు లేని ప్రకటనను తీసుకోబోమని మీరు ఒక నియమం పెట్టుకోగలరా? ‘గ్యారంటీ’ అనీ, ‘రోగికి తెలియకుండా’ అనీ ఉన్న ప్రకటనలను పూర్తిగా నిరాకరించగలరా? జిల్లా జాబితా సిద్ధమైన రోజున దాన్ని ఏ జిల్లాకు ఆ జిల్లా సంచికలో పూర్తిగా అచ్చు వేయాలని, అప్పటిదాకా 14446, 14416 నంబర్లను ఆరోగ్య పేజీలో ప్రతి వారం ఇవ్వాలని మనవి చేస్తున్నాను.

కుటుంబం గౌరవం దృష్ట్యా నా పేరు ప్రచురించవద్దని ప్రార్థన.

ఇట్లు
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
నరసరావుపేట, పల్నాడు జిల్లా